పచ్చ అంచు శెత్రంజీలు

కొత్తవాడ

శెత్రంజి అంటే తెలియని పాఠకులకు ముందుగా ఒక మాట. కోస్తా వైపు జంపఖానా అంటారే, అదే. పెళ్లి పందిట్లోనో భజన మందిరంలోనో నేల మీద పరిచే మందపాటి నూలు నేత. మా వరంగల్ కొత్తవాడలో దాన్ని మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తారు. అడ్డంగా వేసే పేక నూలును పంజా అనే ఇనుప పనిముట్టుతో కొట్టి దగ్గరికి నెడతారు. మంచి శెత్రంజికి పైవైపు, కిందివైపు అని తేడా ఉండదు. ఒకవైపు మాసినా, వెలిసినా తిరగేసి పరిస్తే దాని రెండో బతుకు మొదలవుతుంది.

ఈ శెత్రంజీల వల్లే నేను మలేషియా వెళ్లి వచ్చాను. నాకు వాటితో వ్యాపారమేమీ లేదు. వ్యాపారం సాంబయ్యది. నేను పత్రికలో పనిచేసిన రోజుల్లో నేత మీద వార్త రాయాల్సి వచ్చినప్పుడల్లా అతని షెడ్డుకే వెళ్లి, చాయ్ తాగి, నాలుగు మాటలు రాసుకుని వచ్చేవాణ్ణి. ఉద్యోగం అయిపోయింది కానీ చాయ్ అలవాటు పోలేదు. సాంబయ్య షెడ్డులో ఇప్పుడు ఏడు మగ్గాలు ఆడుతున్నాయి. కొత్తవాడలో ఇవాళ అది చిన్న సంగతి కాదు.

ఆ ఏడు మగ్గాలకు పని దొరికిన తీరు విచిత్రంగా ఉంటుంది. పరకాల వైపు నుంచి ఒక పూజారి మలేషియాలో తెలుగువాళ్ల గుడికి కొలువుకు వెళ్లాడు. అక్కడి ప్లాస్టిక్ చాపల మీద చెమటకు కూర్చోలేనని, ఇంటికి వచ్చినప్పుడు ఒక శెత్రంజి చంకన పెట్టుకుని పోయాడు. దాని మీద కూర్చుని ఆయన మంత్రాలు చదువుతుంటే, అప్పలస్వామి అనే దుకాణదారు మంత్రాల కన్నా శెత్రంజినే ఎక్కువసేపు చూశాడట. మూల తిప్పి చూస్తే సాంబయ్య ఫోన్ నంబరు కుట్టి ఉంది. అంతే. ప్రభుత్వాల మధ్య ఒప్పందాలు, ఎగుమతి సంఘాల సదస్సులు ఎన్నో చూసి వార్తలు రాశాను. ఒక పూజారి కూర్చునే చోటు నుంచి ఎగుమతి మొదలవడం మాత్రం ఇదే చూడటం.

అప్పలస్వామి ముత్తాత విజయనగరం వైపు నుంచి కొబ్బరి తోటలో కూలికని ఓడెక్కి పోయినవాడు. ఆయన తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. తోటల్లోని బడుల్లో వాళ్లకు అరవమే చెప్పారు. సాంబయ్య ఇంగ్లీషు ఓకే, థాంక్యూ దగ్గర ఆగిపోతుంది. కాబట్టి బేరమంతా ఫోన్‌లో వాయిస్ మెసేజీల మీదే నడిచింది. మొదట ఇరవై శెత్రంజీలు వెళ్లాయి, మెచ్చుకున్నారు. తర్వాత వాళ్ల తెలుగు సంఘం కొత్తగా కట్టుకుంటున్న హాలు కోసం రెండు వందలు అడిగారు. అన్నీ పోయినసారి లాగానే, అంచు మాత్రం పచ్చ పెట్టమన్నారు. మాట ఇచ్చుకున్నాక ఫొటో ఎందుకని ఎవరూ ఫొటో అడగలేదు, పంపలేదు.

సరుకు చేరాక ఫొటోతో పాటు వచ్చిన మెసేజీని సాంబయ్య నాకు చాలాసార్లు వినిపించాడు. నిదానమైన గొంతు.

"బాబూ, సరుకు సేరింది. నేత బావుంది. అంచే బాగోలేదు. నాను పచ్చ అడిగితే నువ్వు పచ్చ పంపలేదు."

సాంబయ్య జవాబు కూడా విన్నాను. "పచ్చ గాకపోతే మరేందన్నా అది? నువ్వు పంపిన ఫొటోల గూడ పచ్చగనే కనబడ్తాంది."

"పచ్చ కాదు బాబూ. సరిగ్గా సూడు."

ఆ తర్వాత ఇద్దరూ గొడవ పడకుండా, మర్యాదగానే, మాట్లాడుకోవడం మానేశారు. నూలుకు రంగు వేసే మొగిలిని పిలిచి అడిగితే, తాను వేసిందే పచ్చ అనీ, అంతకన్నా పచ్చ కావాలంటే చిలుకను పట్టుకుని నేయమనీ అన్నాడు. లేతగా కావాలేమో, ముదురుగా కావాలేమో అని నేననుకున్నాను. సాంబయ్య అనుమానం వేరు.

"రంగు సాకు, సారూ. మాల్ వద్దనుకున్నడు. మొకం మీద చెప్పలేక అంచు మీద పెడ్తాండు."

సరుకు తిరిగి వస్తే నష్టం ఒకటే కాదు. ఈ గిరాకీని నమ్ముకుని సాంబయ్య మూలకు పడిన నాలుగు మగ్గాలను మళ్లీ నిలబెట్టాడు. అవి ఆగితే వాటి మీద నేసేవాళ్లు సూరత్ మిల్లులకు రైలెక్కుతారు. ఒకసారి ఎక్కినవాళ్లు పండుగలకు వస్తారు తప్ప మగ్గం మీదికి రారు. అది మాకిద్దరికీ తెలుసు.

"పోయి మొకం జూసి మాట్లాడ్త," అన్నాడు సాంబయ్య ఒకరోజు. "నువ్వు గూడ రా. నాకు ఇంగ్లీషు రాదు, నీకు పనిలేదు."

రెండూ నిజమే కాబట్టి బయల్దేరాను.

కౌలాలంపూర్

సాంబయ్య ఇల్లాలు కట్టిచ్చిన సకినాల డబ్బాను అతను నమూనా శెత్రంజి మధ్యలో భద్రంగా చుట్టి సంచిలో పెట్టాడు. విమానం దిగి విప్పి చూస్తే శెత్రంజి భద్రంగానే ఉంది. సకినాలు నూకలయ్యాయి. పారేయనివ్వలేదు. ఆ నూకల డబ్బా అప్పలస్వామి ఇంటి దాకా మాతోనే వచ్చింది.

మర్నాడు పొద్దున బస చేసిన వీధి చివర చాయ్ దుకాణానికి వెళ్లాం. చాయ్‌ని రెండు గ్లాసుల మధ్య మూరెడు ఎత్తు నుంచి తిరగబోసి నురగ తెప్పించి ఇస్తారు. రెండు రింగిట్లు, అంటే మన లెక్కన నలభై రూపాయలకు దగ్గర. సాంబయ్య ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టాడు. డబ్బా పాలు, చక్కెర కలిసి పాకంలా ఉంది. అతనికి షుగర్. చక్కెర లేకుండా ఇమ్మని సైగలు చేస్తుంటే, పక్క బల్ల దగ్గర కూర్చున్న తమిళ డ్రైవరు 'కోసోంగ్' అనమని నేర్పించాడు. కోసోంగ్ అంటే ఖాళీ, సున్నా. ఆ ఒక్క మలయ్ మాటతో సాంబయ్య మిగతా రోజులన్నీ గడిపాడు. రొట్టె వద్దన్నా కోసోంగే, సిగ్నల్ దాటాక రోడ్డు ఖాళీగా ఉన్నా కోసోంగే.

మధ్యాహ్నం బట్టల దుకాణాలు వరుసగా ఉండే వీధికి నన్ను లాక్కుపోయాడు. నేల మీద పరిచేవి ఇక్కడ ఏమేం అమ్ముతారో చూడాలన్నాడు. ఒక పెద్ద దుకాణంలో మరనేత తివాచీలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. యజమాని రామనాథపురం నుంచి వచ్చిన మూడో తరం ముస్లిం. వచ్చీరాని హిందీలో ఆయన, దక్కనీలో సాంబయ్య బేరం లేకుండానే గంటసేపు మాట్లాడుకున్నారు. సరుకంతా ఎక్కడిదని అడిగాను. కొంత టర్కీ నుంచి, కొంత పానిపట్ నుంచి అన్నాడు. టర్కీలో ఆయన బావమరిది ఉన్నాడు. పానిపట్‌లో ఎవరూ లేరు, అందుకే ఆ సరుకు ఎప్పుడూ ఒక రకం చెప్పి ఇంకో రకం పంపుతారని నవ్వాడు.

"ధర ఎక్కడైనా దొరుకుతుంది. ఫోన్ చేసి తిట్టడానికి మనిషి దొరకాలి," అన్నాడు.

సాంబయ్యకు ఆ మాట గుచ్చుకుంది. బయటికి వచ్చాక, "మనకు మనిషుండు. తిడ్తలేడు. గదే నా ఫికర్," అన్నాడు.

తెలుక్ ఇంతాన్

అప్పలస్వామి ఊరు ఉత్తరంగా మూడు గంటల దూరంలో ఉంది. దారి పొడవునా పామాయిల్ తోటలు, వాన. ఊరి పొలిమేరలో బోర్డు చదివి వినిపించాను. తెలుక్ ఇంతాన్. సాంబయ్య ముఖం వికసించింది.

"ఊరి పేర్లనే తెలుగున్నది."

బస్సు దగ్గరికి గొడుగుతో వచ్చిన అప్పలస్వామికి అతను చెప్పిన మొదటి మాట కూడా అదే. ఆయన నవ్వి, తెలుక్ అంటే మలయ్‌లో సముద్రపు వంపు అని చెప్పాడు. "మా ముత్తాత కూడా అలగే అనుకుని మురిసిపోయాడట. దిగినాక తెలిసింది."

అరవై దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా ఉంటాడు. తలకు నూనె, జేబులో దువ్వెన. ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకున్నారు కానీ ఇద్దరి కళ్లలోనూ ఆ అంచు కనబడుతూనే ఉంది. అలాంటప్పుడు మనుషులు ఊరు చూపించుకుంటారు. ఆయనా అదే చేశాడు. ఊరి మధ్యలో పక్కకు ఒరిగిన పాత గడియారపు గోపురాన్ని చూపించాడు. ఖిలా వరంగల్‌లో ఒరగకుండా నిలిచిన రాతి తోరణాలను చూసిన మాకు, ఒరిగి కూడా పడిపోనిది కాసేపు ముచ్చట గొలిపింది.

నన్ను ఆపింది గోపురం కాదు, పిట్టలు. వీధిలోని కొన్ని మేడలకు కిటికీలు లేవు, చిన్న చిన్న కన్నాలు మాత్రమే ఉన్నాయి. లోపలి నుంచి వేల పిట్టల కిచకిచలు. అవి రికార్డు చేసిన కూతలని అప్పలస్వామి చెప్పాడు. ఆ కూతలకు మోసపోయి నిజం పిట్టలు వచ్చి గూళ్లు కడతాయి. ఆ గూళ్లను చైనా వాళ్లు సూపు కాచుకుని తాగుతారు. ఇక్కడ స్థిరపడిన చైనా కుటుంబాలు, అక్కడి తమ బంధువుల ద్వారా పంపుతాయి.

"పిట్ట ఈ ఊరిది. నోరు ఆ ఊరిది. మద్దెన సుట్టరికం," అన్నాడు అప్పలస్వామి.

ఆయన దుకాణంలో ఇత్తడి దీపాలు, అగరొత్తులు, చీరలు, పచ్చడి సీసాలు, ప్లాస్టిక్ మామిడాకుల తోరణాలు. వెనక గదిలో మా కొత్తవాడ కట్టలు. పైనున్న నాలుగైదింటి తాళ్లే విప్పి ఉన్నాయి. మిగతావి వచ్చినవి వచ్చినట్టే ఉన్నాయి. సాంబయ్య దగ్గరికి పోయి ఒక అంచును వేళ్లతో నిమిరాడు. తన ఊళ్లో నేసినది ఇంత దూరంలో కట్ట కట్టి పడి ఉంటే మనిషికి ఎలా ఉంటుందో నేను వేరే చెప్పక్కర్లేదు. అప్పలస్వామి గుమ్మంలోనే నిలబడి, అన్నం తిన్నాక మాట్లాడుకుందాం, ఇంట్లో వండుతున్నారు అన్నాడు.

కొబ్బరి తోటలో భోజనం

ఇల్లు ఊరికి కొంచెం అవతల, కొబ్బరి తోటల మధ్య ఉంది. చెప్పులు గుమ్మం బయట విడవడం, కాళ్లకు నీళ్లివ్వడం, చాప పరిచి అరిటాకు వేయడం, అన్నీ మన తీరే. చేపల పులుసులో కొబ్బరి పాలు ఒకటే కొత్త. గోడ మీద సింహాచలం అప్పన్న పటం, దాని పక్కన ఆ రాష్ట్రపు సుల్తాను పటం. రెండింటికీ ఒకే సైజు దండ.

ఆయన ఇల్లాలు నరసమ్మ గారికి సాంబయ్య సకినాల నూకల డబ్బా సిగ్గుపడుతూనే ఇచ్చాడు. ఆవిడ గుప్పెడు నోట్లో వేసుకుని, ఇది ఇలాగే ఉండే వంటకమనుకుని, చాలా బాగుంది, చెంచాతో తింటారా అని అడిగింది. సాంబయ్య అవునన్నాడు. నేను సరిదిద్దలేదు.

నలుగురం మాట్లాడుకున్నదంతా వానల గురించి, కొబ్బరి ధర గురించి, మోకాళ్ల నొప్పుల గురించి. అంచు మాట ఎవరూ ఎత్తలేదు. ఆకుల ముందు కూర్చున్నాం. నరసమ్మ గారు రెండు గిన్నెలు తెచ్చి పెట్టుకుంది.

"బాబూ, తెల్లన్నం పెట్టీనా, పచ్చన్నం పెట్టీనా?"

సాంబయ్య నా చెవి దగ్గరికి వంగాడు. "పచ్చన్నమంటే పాలకూర ఏసి వండిన్రేమో, సారూ?" తర్వాత గట్టిగా, "పచ్చదే పెట్టక్కా," అన్నాడు.

ఆవిడ మూత తీసి వడ్డించింది. కొబ్బరి పాలు, పసుపు పోసి వండిన అన్నం. బంతిపూవులా ఉంది.

సాంబయ్య చెయ్యి ఆకు మీదే ఆగిపోయింది. అన్నం వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"అక్కా, ఇది పచ్చనా?"

"పచ్చ కాక నల్లగుందేటి, బాబూ?"

అతను కిటికీ లోంచి చెయ్యి చాచి తోట వైపు చూపించాడు. "అన్నా, గా కొబ్బరాకు ఏం రంగు?"

"ఆకు రంగు," అన్నాడు అప్పలస్వామి. "ఆకు ఆకు రంగే ఉంటాది. మలాయిలో హిజావ్ అంటాం."

సాంబయ్య ఆకులోని అన్నాన్ని వేలితో ముట్టాడు. "మరి పచ్చ?"

"అదే. పసుపు కొమ్ము రంగు. పెళ్లిబట్ట రంగు." అంటూండగానే అప్పలస్వామి మాట నెమ్మదించింది. ఆయన కూడా కిటికీలోంచి చూశాడు, ఆకులోకి చూశాడు. కుడిచెయ్యి ఎంగిలి కాబట్టి ఎడమచేత్తో నెత్తి పట్టుకున్నాడు.

ముందు నవ్వింది నరసమ్మ గారు. ఏం జరిగిందో ఆవిడకు తెలియదు. ఇద్దరు పెద్దమనుషులు అన్నం ముందు కూర్చుని రంగులు వల్లించుకోవడమే ఆవిడకు నవ్వు తెప్పించింది. ఆ తర్వాత మా ముగ్గురికీ ఆగలేదు. సాంబయ్యకు పొలమారింది. అతని నెత్తి మీద తట్టడానికి అప్పలస్వామి లేచి వచ్చాడు. తట్టాక సాంబయ్య వీపు మీద వేసిన చెయ్యి చాలాసేపు తీయలేదు.

ఆకు ముందు కూర్చునే నేను నా మాట కూడా ఆలోచించుకున్నాను. పథకానికి పచ్చజెండా అని ఎన్నిసార్లు శీర్షిక పెట్టానో లెక్కలేదు. అదే పేజీలో కింద పచ్చకామెర్ల వార్త ఉండేది. జెండా ఒక రంగు, కామెర్లు ఒక రంగు అని ఒక్కనాడూ ఆగి చూడలేదు. మా మొగిలికి పచ్చ అంటే జెండా పచ్చ. ఓడెక్కి పోయిన ముత్తాత మూటలో కట్టుకుపోయింది పసుపు పచ్చ. నాలుగు తరాలుగా ఆ ఇంట్లో అది వెలిసిపోకుండా ఉంది.

"మలాయిలో అడిగుంటే పసుపుకి కునింగే, ఆకు రంగుకి హిజావే," అన్నాడు అప్పలస్వామి. "మన బాసే ఇలగ ముంచీసింది."

నిజమే. తెలియని భాషలో బేరమాడి ఉంటే ఇద్దరూ నూలు పోగు నమూనా చూసుకునేవాళ్లు. తెలిసిన భాష కావడం వల్ల ఎవరికీ ఆ అవసరం తోచలేదు. అయితే ఆ తెలిసిన భాష లేకపోతే శెత్రంజి మూలనున్న నంబరుకు ఫోన్ చేసేవాడే లేడు.

తప్పు ఎవరిదన్న వాదన అప్పుడు మొదలైంది. కాకపోతే తలకిందులుగా. తప్పు నాదని ఈయన, కాదు నాదని ఆయన. సరుకు వెనక్కి పట్టుకుపోతానని సాంబయ్య, సంఘం వాళ్లను ఒప్పించి ఇవే పరిపిస్తానని అప్పలస్వామి. సంఘం పెద్దలు ఈ అంచు చూసి, ఇవి మన హాలుకన్నా సురావుకు బాగుంటాయని వేళాకోళమాడారట. సురావు అంటే చిన్న మసీదు. అక్కడి మలయ్ ముస్లింలకు ఆకు రంగంటే ప్రీతి. ఆ మాట చెబుతూ ఆయన, పక్క దుకాణం రోహానా ఇవి అమ్ముతావా అని ఇప్పటికే రెండుసార్లు అడిగిందన్నాడు.

"అడిగితే ఇయ్యపోయినవా, అన్నా?"

"ఎలగిస్తాను? తగువు తేలని సరుకు నాది కాదు కదా. నువ్వు వచ్చి మొకం సూసేదాక ఇంకో కట్ట విప్పకూడదనుకున్నాను."

ఇన్నాళ్లు ఆ మనిషి గురించి సాంబయ్య ఏమనుకున్నాడో నాకు తెలుసు. నావైపు చూడకుండా, ఇంకొంచెం పచ్చన్నం పెట్టమని నరసమ్మ గారిని అడిగాడు.

రోహానా దుకాణం

రోహానాను ఊరంతా కక్ రోహానా అంటారు. కక్ అంటే అక్క. యాభై ఏళ్లుంటాయి. పరదాలు, దిండు గలేబులు, చాపలు అమ్ముతుంది. మేం వెళ్లేసరికి ఉప్పుచేప వేసిన అన్నం పొట్లం విప్పుతోంది. మూసి పక్కన పెట్టి, ముందు మాకు ఆకులో చుట్టిన కొబ్బరి మిఠాయిలు తెప్పించింది. సాంబయ్య కోసోంగ్ అన్నాడు. చక్కెర లేని మిఠాయి ఉండదని ఆమె పగలబడి నవ్వింది.

అప్పలస్వామి ఒక కట్ట విప్పి పరిచాడు. ఆమె చెప్పులు విడిచి దాని మీద నడిచింది, కూర్చుంది, మూల పట్టి తిరగేసింది. రెండు వైపులా ఒకేలా ఉండటం చూసి కనుబొమలు ఎత్తింది. సురావులో ప్రార్థన తర్వాత అందరూ నేల మీద కూర్చుని విందు చేస్తారనీ, ప్లాస్టిక్ చాపలు చెమటకు తొడలకు అంటుకుంటాయనీ ఆమె చెబుతుంటే అప్పలస్వామి తెలుగులో చెప్పాడు. సముద్రం దాటి వచ్చి పరకాల పూజారి అన్నమాటే ఇది.

తర్వాత ఆమె లోపలికి వెళ్లి బకెట్టుతో నీళ్లు, ఒక తెల్ల గుడ్డ తెచ్చింది. ఈ ఊళ్లో వాన ఆగదు, తడి కాళ్లతో తొక్కుతారు, రంగు దిగితే సురావు నేల పాడవుతుంది అంది. అంచును నీళ్లలో ముంచి, తెల్ల గుడ్డలో చుట్టి, దాని మీద కూర్చుంది. ఊరికే కాదు, బరువంతా వేసి. కూర్చునే తన అన్నం పొట్లం విప్పుకుని తినసాగింది.

కచ్చా రంగు, పక్కా రంగు అని మావైపు రెండే మాటలు. పైకి చూస్తే రెండూ ఒకటే. తేడా నీళ్లే చెబుతాయి. సాంబయ్య పెదవులు కదులుతున్నాయి. దేవుణ్ణి తలుచుకుంటున్నాడనుకుని చెవి పెట్టాను. "మొగిలీ, పరువు దియ్యకురా," అంటున్నాడు.

ఆమె అన్నం తినడం పూర్తిచేసి, చెయ్యి కడుక్కుని, లేచి గుడ్డ విప్పింది. తడిసిన తెల్ల గుడ్డ తెల్లగానే ఉంది. రెండు చేతులతో ఎత్తి వెలుగుకు పట్టి చూసి, మడిచి సాంబయ్య ఒళ్లో పెట్టింది. సగం కట్టలు అప్పుడే తీసుకుంటానంది. మిగతా సగం ఇపో పట్నంలో తమ్ముడి దుకాణానికి చూపిస్తానంది. రంజాన్ పండుగా తెలుగువాళ్ల ఉగాదీ ఈసారి దగ్గర దగ్గరగా వస్తున్నాయి. ఆ ఉగాదికే హాలు తెరుస్తారు. కాబట్టి హాలుకు పసుపు అంచువి కొత్తగా రెండు వందలు నేయాలి. ఆకు రంగువి అమ్ముడైతే అవీ ఇంకా కావాలి.

మా మాటల్లో పదేపదే దొర్లుతున్న ముక్క ఒకటి ఆమె పట్టుకుంది. పచ్చ అంటే ఏమిటని అడిగింది. సాంబయ్య శెత్రంజి అంచు మీద చెయ్యి పెట్టాడు. అదే క్షణంలో అప్పలస్వామి పక్కనున్న పసుపు పరదా మీద చెయ్యి పెట్టాడు. ఆమె ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"వీళ్లిద్దరూ మాట్లాడేది ఒకే భాషేనా?" అని అప్పలస్వామి ద్వారా నన్ను అడిగింది. అవునన్నాను, కొంచెం ఆలోచించి.

మళ్లీ కొత్తవాడ

తిరిగి వచ్చిన రోజు సాంబయ్య స్టేషన్ నుంచి ఇంటికి పోకుండా షెడ్డుకే పోయాడు. ఆ తెల్ల గుడ్డను మొగిలికి ఇచ్చాడు. మొగిలి దాన్ని అటూ ఇటూ తిప్పి, ఇందులో ఏముందని అడిగాడు. ఏమీ లేదు, గదే, అన్నాడు సాంబయ్య. మొగిలికి అర్థమైంది. గుడ్డను ఇప్పుడు రంగు డ్రమ్ముల పైన మేకుకు తగిలించుకున్నాడు.

తెలుక్ ఇంతాన్‌లో పచ్చ అంటే పసుపు అని చెప్పినప్పుడు మాత్రం ఒప్పుకోలేదు. "గంత దూరం పోయినా తెలుగు నేర్వలే," అన్నాడు.

పసుపు నూలు ఆరేశారు. నాలుగు మగ్గాల మీద పడుగు ఎక్కింది. కొత్తవాడలో మిగతావాళ్లు తొంగి చూసి, మలేషియా మాల్ అని చెప్పుకోవడం మొదలుపెట్టారు. అంతా కుదురుకున్న ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం సాంబయ్య ఫోన్‌కు వాయిస్ మెసేజీ వచ్చింది. అప్పలస్వామిది కాదు. నంబరు మాత్రం ఆయన దుకాణానిదే. ఆడగొంతు. రోహానా. మలయ్‌లో ఏదో గబగబా చెప్పింది, మధ్యలో తమ్ముడి ఊరి పేరు ఇపో అని వినబడింది, చివర్లో స్పష్టంగా, గర్వంగా తెలుగులో అంది: "పచ్చ, సాంబయ్యా. పచ్చ."

షెడ్డులో పంజాలు ఆగాయి. తమ్ముడు సరుకు తీసుకున్నాడని, ఇంకా కావాలంటోందని అందరికీ అర్థమైంది. ఆ తర్వాతిదే అర్థం కాలేదు. ఆమెకు ఆ మాట నేర్పింది అంచు మీద చెయ్యి పెట్టిన సాంబయ్యా, పరదా మీద చెయ్యి పెట్టిన అప్పలస్వామా? మొగిలి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. ఏ డ్రమ్ము కింద మంట పెట్టాలో చెప్పమన్నాడు.

సాంబయ్య ఫోన్ నా చేతికి ఇచ్చాడు. "ఏ పచ్చనో జర అడుగు, సారూ."

ఇంగ్లీషులో రాసి, ఫోన్‌లోనే మలయ్‌లోకి మార్చి పంపాను. మర్నాడు పొద్దున జవాబుగా ఒక ఫొటో వచ్చింది. మాట ఒక్కటీ లేదు. చెక్క బల్ల మీద రోహానా రెండు చేతులు. ఒక చేతిలో పొడవాటి ఆకు. రెండో చేతిలో పసుపు కొమ్ము.

సాంబయ్య ఫోన్ తీసుకుపోయి మొగిలి ముందు పట్టాడు. మొగిలి కళ్లజోడు పైకి జరిపి చూసి, రెండు డ్రమ్ముల కిందా పొయ్యి వెలిగించాడు.

"ఇగ ఎవ్వరైనా గిట్లనే చెప్పుండ్రి," అన్నాడు.